సగం నిండిన బియ్యం సంచి

గోహుంగ్ తీరవాసి, కీర్తిశేషులు సొ ఇల్-మాన్ గారి పెద్ద కూతురు, అవివాహిత, వయసు యాభై ఐదేళ్లు, సొ పోక్-నిమ్ అనే నేను, కాలేయం చెడినా బుద్ధి చెడలేదు గనుక, ఎవరి బలవంతమూ లేకుండా, ప్రార్థన చేసుకొని, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ లేవు.

1. నేనుంటున్న ఇల్లు, వెనుక వెల్లుల్లి మడి, నా తమ్ముడు దోక్-సుకు సర్వహక్కులతో చెందగలవు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. కోపిష్ఠివాడే గాని మాట తప్పడు.

2. పెరట్లోని ఐదు సోయా సాసు జాడీలు మరదలు యోంగ్-ఏకు. “మా వదిన సోయా అంటే సముద్రాన్ని మరగబెట్టిందే” అని ఊరంతా చెబుతూ, ఇరవై ఏళ్లు సీసాలు నింపుకెళ్లింది. చిన్న జాడీకి పగులుంది. ఎండవైపు తిప్పవద్దు.

3. నా దూది మెత్త సంఘ పెద్ద ప్యో గారికి. మోకరిస్తే ఆయనకిప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. “ఆ ముసలాయన నీ శవపెట్టె దగ్గరికొస్తే మెడపట్టి గెంటుతానక్కా” అని దోక్-సు అన్నాడు. అలా చేయరాదు. నా సమాధి మీద మొదటి పిడికెడు మన్ను ఆయనే వేయాలి. ఇది కోరిక కాదు, షరతు.

4. బియ్యం కడిగే ముందు మనిషికో చెంచా తీసి ప్రభువు సంచిలో పోయడం, ఆదివారం దాన్ని మందిరంలో ఇవ్వడం మనందరి వాడుక. 1968లో, బార్లీ ఇంకా పండని ఆకలి నెలలో, ఒక శనివారం నా ఆదివారపు బడిలోని ఒక బిడ్డ వాకిట్లోకొచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు. ఇంట్లో వేరే గింజ లేదు. సంచిలోది సగం ఆ దోసిట్లో పోశాను.

మర్నాడు ప్యో గారు నా సంచి చేత్తో ఎత్తి చూసి, తొమ్మిదిమంది పిల్లల ముందు నేల మీద బోర్లించారు. “చూడండర్రా, ప్రభువు చెంచాలో చేయి పెట్టిన మనిషి మీకు పది ఆజ్ఞలు నేర్పుతోంది” అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నోరు విప్పితే ముందు వరుసలో ఉన్న ఆ బిడ్డ పరువు పోతుంది. “క్షమించండి పెద్దయ్యగారూ” అని మోకాళ్ల మీద గింజలు ఏరాను.

ఆ తొమ్మిదిమందిలో పదేళ్ల దోక్-సు ఒకడు. దారిలో “నీకు నోరు లేదా అక్కా?” అన్నాడు. ఇప్పటికీ అంటాడు.

ఊరు దాన్ని దీనత్వం అంది. ఏడేళ్లపాటు ప్యో గారు ప్రార్థన చేస్తుంటే నాకు ఆ గింజల చప్పుడే వినబడింది. అది దీనత్వం కాదు. ఆయన్ను నా మనసు ఎప్పుడో క్షమించింది, నేనే ఆ బిడ్డను ఇంకా క్షమాపణ అడగవలసి ఉంది. ఆ బిడ్డ మళ్లీ బడికి రాలేదు. ఆ తొమ్మిదిమందిలో ఇప్పుడు మందిరానికి వచ్చేది ముగ్గురే, వారిలో ఆ బిడ్డ లేదు. తన ఆకలి వల్లే నేను నేల మీద కూర్చున్నానని అనుకొని ఉంటుంది. వాళ్ల గడపకు వెళ్లి, కాదమ్మా అని ఒక్క మాట చెప్పి రాలేకపోయాను. నలుగురూ గమనిస్తారనుకున్నాను. అలా ఇరవై తొమ్మిదేళ్లు గడిచాయి.

కనుక, సమాధి దగ్గర ఊరంతా ఉన్నప్పుడు దోక్-సు ఈ రెండు మాటలే పైకి చదవాలి: “నీ దోసిట్లో పోసింది ప్రభువు బియ్యమే. నువ్వు తిన్నావు, ఆయనకు చేరింది.”

ఆ సంచి ఉతికి పెట్టాను. దాన్ని నింపి మందిరం తలుపు పక్క మేకుకు తగిలించాలి. తలుపుకు తాళం వేయరాదు. అది ఎవరిదో వారు తీసుకుంటారు.

దోక్-సూ, ఎవరని అడగకు. మేకు వంక చూడకు.

1997 నవంబరు 11.

(సంతకం, ముద్ర) సొ పోక్-నిమ్

సాక్షులు: ఛా మ్యోంగ్-జా, పాస్టరు గారి భార్య
కు మల్-సున్, పక్కింటావిడ