తూము లేని నీళ్లు

రంగూన్, 1938 మాఘం

తమ్ముడు లింబాద్రికి,

అన్న బతికే ఉన్నాడు. ఇక్కడ బియ్యం మిల్లు కూలీలకు ఉత్తరాలు రాసిపెడుతున్నాను. ఒప్పుకున్న ఏడాది పని గడువు తీరగానే మన ఊరు ఎల్లారెడ్డికి వస్తాను.

సముద్రం గురించి నేను చదవని పుస్తకం లేదు. అయినా వచ్చిన రోజు రేవులో నా కళ్లముందే నీళ్లు దిగిపోయి పడవలు బురదలో కూర్చుంటే, "తూము ఎవడు లేపిండ్రా?" అని అరిచి మిల్లు కావలివాడి చెయ్యి పట్టుకున్నాను.

కూలీలు నవ్వారు. "సముద్రానికి తూమేటి తాతా? సాయంత్రానికి మళ్లీ నిండిపోద్ది."

నిండింది. మేడలంత ఓడలు ఏ చెయ్యీ తగలకుండా పైకి లేచాయి. రోజూ వెళ్లి చూస్తున్నాను, రోజూ అంతే.

పన్నెండేళ్ల కిందట మన చెరువు ఉన్నట్టుండి దిగినప్పుడు, తూము కాసే నీరటి సాయిలు చెయ్యి అట్లాగే పట్టుకున్నాను. "నేను తూము ముట్టలే పటేలా" అని మొత్తుకున్నాడు. నీళ్లు వాటంతట అవి పోవని పంచాయతీలో సాక్ష్యం చెప్పాను. కట్టకు ఎక్కడైనా బొంద పడి నీళ్లు పోతున్నాయేమో నేను వెళ్లి చూడలేదు. ఊరి పెత్తనం చేసే నువ్వు అతన్ని పనిలోంచి తీసేశావు. జన్మలో నువ్వు నా మాట నమ్మింది ఆ ఒక్కసారే. అందుకు నిన్ను క్షమించను.

సాయిలుకు తూము పని తిరిగి ఇయ్యి. ఈ ఉత్తరం చావడిలో అందరి ముందు చదివించు. నన్ను చూసి ఊరంతా నవ్వనీ. ముందు సాయిలు నవ్వాలి.

నీ అన్న