బతికున్నవాడికి వీరవణక్కం

30 మే 1977, తిరుత్తణి

మగ్గం మళ్ళీ ఖాళీ. నా తమ్ముడు ఏళుమలై ఎలక్షన్ పని మీద ఊరేగుతున్నాడు. ఇక్కడ నిలబడ్డ ఇద్దరూ మద్రాసు లీడర్లే. ఇద్దరిదీ చింతాద్రిపేటే. వాళ్ళ కోసం మావాళ్ళు ఇక్కడ తన్నుకు చస్తున్నారు. వీడిది సుందరరాజ్ పార్టీ. మేనమామ కొడుకు మునికృష్ణ బావది అవతలి పార్టీ.

మొన్న మీటింగులో సుందరరాజ్ వీడి భుజం మీద చెయ్యేసి తంబీ అన్నాడట. అప్పటినుంచి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. వెధవకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ హాయిగా తిట్టుకుంటున్నాను.

2 జూన్

చొక్కా నిండా రక్తంతో వచ్చాడు. నా ప్రాణం పోయింది. నాది కాదులే అక్కా అని నవ్వాడు. అవతలివాడెవడికో చెవి తెగిందట. ఆ చొక్కా ఉతకనన్నాను. చివరికి ఉతికాను.

5 జూన్, సాయంత్రం

బజారు వీధిలో ఏళుమలైని సైకిల్ చైన్లతో కొట్టారు. కింద పడ్డాక కూడా వదల్లేదు. ఇనప కడ్డీతో తల పగలగొట్టింది మునికృష్ణ బావే. కళ్ళారా చూశాను. అడ్డం పడితే నన్నూ ఈడ్చి పారేశారు.

వెంటనే మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళకపోతే దక్కడని డాక్టరు చెప్పాడు. ఇక్కడి ఆసుపత్రి వ్యాన్ రిపేరులో ఉంది. గొడవలకి భయపడి టాక్సీలు రామన్నాయి. పార్టీ కారు గేటు దగ్గరే ఉంది. పార్టీ సెక్రటరీ నటరాజన్ కాళ్ళు పట్టుకున్నాను. సుందరరాజ్ అన్న రేపు ప్రెస్సోళ్ళతో వస్తా ఉండాడు, అందాకా ఈడనే ఉండనీమ్మా అన్నాడు. కారు ఇవ్వలేదు.

6 జూన్, పొద్దున

కాఫీకని బయటికొస్తే ఆసుపత్రి గోడ నిండా పోస్టర్లు. వాడి ఫోటో, చుట్టూ నల్ల బార్డరు, పైన తమిళంలో వీరవణక్కం. చచ్చిపోయిన కార్యకర్తలకి పెట్టే నివాళి అది. లోపల నా తమ్ముడికి ఇంకా ఊపిరి ఆడుతోంది!

చింపాను. గోళ్ళతో గీకాను. నటరాజన్ మనుషులు నా జుట్టు పట్టి లాగారు. ఒకడి చెయ్యి రక్తం వచ్చేలా కొరికాను. ఎట్లాగూ పొయ్యేవాడే కదమ్మా, అన్న వచ్చేటప్పటికి రెడీగా ఉండాలని ఏయించినాము అన్నాడు నటరాజన్, నన్ను ఓదారుస్తున్నట్టు. వీళ్ళకి వాడు శవంగానే కావాలి.

అదే రోజు, రాత్రి, మద్రాసు

మధ్యాహ్నం మునికృష్ణ బావ నూలు కొట్టుకి పోయాను. నీ చేతులే కదా బావా పగలగొట్టినాయి, ఆ చేతులతోనే ఎత్తు అన్నాను. లాడ్జిలో దిగిన వాళ్ళ లీడర్ని అడిగి వచ్చాడు. వాడు చస్తే మనకి ఓట్లు పడవు, తీసకపో అన్నాడంట.

నూలు బేళ్ళు దించి వ్యాన్ తెచ్చాడు. నటరాజన్ మనుషులు అడ్డం వచ్చారు. బావ కడ్డీ తీశాడు. ఒకడి చెయ్యి విరిగింది, ఇంకొకడి పళ్ళు రాలాయి. నేను వద్దనలేదు. కొట్టు, కొట్టు అని అరిచాను.

దారంతా తమ్ముడి తల నా ఒళ్ళోనే ఉంది. తిరువళ్ళూరు దగ్గర ఊపిరి ఆగినట్టయి మళ్ళీ వచ్చింది. బావ ఏడుస్తూ బండి నడిపాడు. అతన్ని చంపెయ్యాలనీ ఉంది, దండం పెట్టాలనీ ఉంది.

16 జూన్

సుందరరాజ్ గెలిచాడట. చింతాద్రిపేట నుంచి ఈ ఆసుపత్రికి నడిచి రావచ్చు. ఒక్కడూ రాలేదు.

19 జూన్

ఏళుమలై కళ్ళు తెరిచాడు. అన్న గెలిచినాడా అక్కా అన్నాడు.

తల నిండా కుట్లున్నాయని కూడా చూడకుండా చెంప మీద పీకాను.