కడిగిన గ్లాసు

అక్కా,

అమ్మ పక్కనుంటే ఈ ఉత్తరం పైకి చదవకు. నేనింకా స్టోర్‌రూములో సామాన్లు చూసుకుంటున్నానని అనుకుంటోంది. అలాగే అనుకోనీ.

ఇప్పుడు నన్ను విమానంలో రేడియో దగ్గర కూర్చోబెట్టారు. కంగారుపడకు, మా పైలట్ చేయి తిరిగినాయన. యుద్ధానికి ముందు బడిలో లెక్కలు చెప్పేవారట, అందుకే అందరం మాస్టారనే పిలుస్తాం. మొన్న ఇంజనుకు మంటలంటుకుంటే, అరచేతులు కాలుతున్నా పట్టు వదలకుండా మమ్మల్నందరినీ నేలమీదికి దించారు. తిన్నగా క్యాంటీన్‌కొచ్చి, టీ ఇచ్చే బాబాయ్‌తో, "కాస్త ఆలస్యమైంది బాబాయ్, నా టీ చల్లారిపోయిందా?" అన్నారు. మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

ఇక్కడ మాకో అలవాటుంది. బయల్దేరేముందు సగం టీ తాగి, మిగతాది తిరిగొచ్చి తాగడానికి వదిలి వెళ్తాం. రానివాళ్ళ గ్లాసులు క్యాంటీన్ బాబాయ్ కడగడు, తీసి అలమారలో పెడతాడు. ఈమధ్య అలమార నిండిపోయి, కిటికీ గట్టు మీద కూడా పెడుతున్నాడు.

ఇవాళ ఎక్కడికెళ్ళాలో పొద్దున చెప్పారు. ఆ పేరు వినగానే చాలామంది ఇంటికి ఉత్తరం రాయడానికి కాగితాలు తీశారు. ఆ పేరు నీకూ రాయకూడదు.

తర్వాత మాస్టారు టీ చుక్క మిగల్చకుండా తాగేశారు. గ్లాసు తనే కడిగి బోర్లించారు.

"ఇదేంటి మాస్టారూ?" అన్నాను.

"పాపం, బాబాయ్‌కి చోటు చాలట్లేదురా," అని నవ్వారు.

మమ్మల్ని విమానం దాకా తీసుకెళ్ళే లారీ హారన్ కొడుతోంది. నేను మాత్రం సగం వదిలానక్కా. ఈగలు పడకుండా మూత పెట్టమన్నాను. బాబాయ్ పెట్టాడు గానీ, నా ముఖంలోకి చూడలేదు.

నీ తమ్ముడు