వంటగది పూర్తయ్యేదాకా మీవాడు మీ దగ్గరే

డులూత్, మంగళవారం

అత్తయ్యా, అందరం క్షేమం, ఇల్లు కూడా ఇంకా నిలబడే ఉంది! ఎట్టకేలకు లైసెన్సున్న కాంట్రాక్టరు దొరికాడు, పేరు హాల్వర్‌సన్. వంటగదిలో మీ అబ్బాయి సగం కోసి వదిలేసిన గోడ చూసి, "పై అంతస్తు దీని మీదే ఆగింది. ఏ మహానుభావుడమ్మా కోసింది?" అన్నాడు. మీవాడు పిల్లి వంక చూశాడు! "పని ఒప్పుకుంటా. ఈయన చేతిలో సుత్తి కనిపించిందో, సామాను సర్దుకుని పోతా" అనేశాడు కాంట్రాక్టరు. సోమవారం మొదలు! నడుం నొప్పనో ఏదో చెప్పి మీవాణ్ణి అక్కడికి పిలిపించుకోండి, మీకు పుణ్యముంటుంది. మీ ఆపిల్ కేకులో దాల్చినచెక్క ఎంత వేస్తారు? కొత్త ఓవెన్‌లో మొదట అదే. మామయ్యను అడిగానని చెప్పండి.
మీ కోడలు కొరిన్

అమ్మా, పోస్టు డబ్బాలో వేస్తూ చదివేశాను. శనివారం వస్తున్నా. మన వరండా మెట్టు ఊగుతోందన్నావుగా, సుత్తి తెస్తున్నా.
డెల్బర్ట్