ముక్కలు సర్దే చెయ్యి

మార్చి 2, ఆదివారం

గెలిచేసింది! నా చిట్టితల్లి మాధవి సీటు గెలిచేసింది! నిన్న కాసినోలో చిన్న పోకర్ పోటీ. అందులో మొదట వచ్చినవాళ్ళకి మూడు వారాల తర్వాత జరిగే పెద్ద టోర్నమెంట్‌లో కుర్చీ ఇస్తారట. ఆ కుర్చీ నా కూతురిది. వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరు, శనివారం వచ్చిందంటే పేక. పొద్దున్నే చెప్పగానే కుర్చీలోంచి ఎగిరాను. మోకాలు పట్టేసింది. పట్టనీ.

అల్లుడు కాఫీ చేతికిచ్చి, "మావయ్యగారూ, కూర్చుని ఎగరండి" అన్నాడు.

మా ఆవిడ సరోజ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. పోపు మాడింది.

ఇంతలో మన దేశం నుంచి అక్కయ్య ఫోన్, ప్రతి ఆదివారంలాగే. నేను నోరు తెరిచేలోపు సరోజ అందుకుంది – "మాధవికి చెస్ టోర్నమెంట్‌లో సీటొచ్చింది వదినా." చెస్! రెండేళ్ళుగా మా వాళ్ళందరి దృష్టిలో నా కూతురు చదరంగమే ఆడుతోంది. నేనూ పక్కన కూర్చుని ఊఁ కొట్టాను. అక్కయ్య మురిసిపోయి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయిస్తానంది.

పిల్ల ఏం ఆడుతోందో ఆ స్వామికి తెలియదా.

మార్చి 3, సోమవారం

మంచు. మోకాలు. బామ్ అయిపోయింది.

మార్చి 5, బుధవారం

డైనింగ్ టేబుల్ మీద ప్రాక్టీసు. పందెం కాసే చిప్స్ బిళ్ళల బదులు రాజ్మా గింజలు. తనకి ఎదురుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషిని నేనే! ఎంత భాగ్యం. చేతికి రెండే ముక్కలు. రమ్మీలో పదమూడు పట్టుకున్నవాడికి రెండంటే చెయ్యి ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. వచ్చిన ప్రతిదానితో ఆడేస్తున్నానని విసుక్కుంది. పదిసార్లు పంచితే ఎనిమిదిసార్లు పడెయ్యాలట. ఆడడం ఎవరికైనా వస్తుంది నాన్నా, పడెయ్యడమే రాదు అంటుంది.

కాసినోలో తనకి కొరకరాని కొయ్య ఒక్కడే. తెల్లగడ్డం, ఉన్ని టోపీ, రిటైరయిన ట్రక్కు డ్రైవరు. మాధవికి మంచి ముక్కలు పడితే తప్పుకుంటాడు. చెత్త ముక్కలతో బుకాయిస్తే పందెం పెంచుతాడు. ఎలా తెలుస్తోందో తెలియదు. ల్యాప్‌టాప్ ముందు గంటలు గంటలు కూర్చుని ఆడిన ఆటలన్నీ మళ్ళీ వేసి చూసుకుంటోంది. లెక్కలో తప్పు లేదట.

మార్చి 8, శనివారం

తప్పు లెక్కలో కాదు. చూశాను.

ముక్కలెత్తి చూసుకుంది. కుడి ముక్కని బొటనవేలితో ఎడమవైపుకి జరిపింది. ఆట అయ్యాక తిప్పితే ఆసు, రాజు. మళ్ళీ పంచాను. చెత్త – కదపలేదు. మళ్ళీ మంచివి – చెయ్యి వెళ్ళింది. పెద్దది ఎడమ, చిన్నది కుడి. ఆడదల్చుకుంటే సర్దుతుంది, లేకపోతే ముట్టుకోదు. దానికే తెలియదు.

రెండు ముక్కలకి సర్దుడేమిటి? అది రమ్మీ చెయ్యి. నా చెయ్యి. మూడేళ్ళ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని సర్దించేవాణ్ణి కదా... పెద్దది ఇటు తల్లీ, చిన్నది అటు.

కూతురికి నేనిచ్చిన ఆస్తి ఇదీ. గడ్డమాయన తీరిగ్గా చదువుకుంటున్నాడు.

చెప్పలేదు. టీ పెట్టుకుని తాగాను.

మార్చి 9, ఆదివారం

ఎండాకాలం కోసమని ఈ దేశంలో గడియారాలు గంట ముందుకి జరిపారు. ఆకుపూజ అయిందని అక్కయ్య ఫోన్. తన మనవడికి మాధవిని నాలుగు చెస్ ఎత్తులు నేర్పమంది. సరోజ సరేనంది.

మార్చి 11, మంగళవారం

ఎందుకు చెప్పలేకపోతున్నానో నాకు తెలుసు. ఈ మాట తీస్తే ఆ మాట వస్తుంది.

మాధవి అప్పుడు పదో తరగతి. నేను బస్సు డిపోలో కండక్టర్ని. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. రెస్ట్‌రూంలో నలుగురం ఆటలో ఉన్నాం. ఎదురుగా నా బావమరిది సూర్యం, అదే డిపోలో డ్రైవరు. నా వెనక నిలబడి ముక్కలు చూసి, "నాన్నా, ఆ రాణి పడెయ్యకు, సూర్యం మావయ్యకి అదే కావాలి" అంది. అందరూ నవ్వారు. చెంప మీద కొట్టాను. ఆడపిల్లవి, నీకెందుకే పేకాట అన్నాను. పేక చేతిలో పట్టుకునే అన్నాను. ఆ పౌరుషంలో రాణినే పడేశాను. సూర్యం అది తీసుకుని షో చెప్పి ఆట గెలిచాడు.

వెనక నిలబడ్డవాళ్ళు మాట్లాడకూడదు, నిజమే. కొట్టింది అందుకు కాదు. అది కనిపెట్టింది, నేను కనిపెట్టలేదు. అందుకు.

మార్చి 13, గురువారం

చెప్పేశాను. నమ్మలేదు. నేను ముక్కలు పట్టుకుని దాని చెయ్యి ఎలా కదులుతుందో చేసి చూపించాను. చాలాసేపు నా బొటనవేలే చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ నీ చెయ్యి వేసుకుని కూర్చున్నానన్నమాట" అంది. తర్వాత గింజలు డబ్బాలో పోస్తూ, మామూలుగా, కూరలో ఉప్పు ఎక్కువైందన్నట్టు – "ఆ రోజు కూడా నువ్వు రాణినే పడేశావు నాన్నా."

పైకి వెళ్ళిపోయింది.

మర్చిపోయిందనుకున్నాను. పాతికేళ్ళు దాటింది. చెంప సంగతి ఎత్తలేదు, రాణి సంగతే ఎత్తింది. ఏది ఎక్కువ నొప్పో నాకు తెలియట్లేదు.

మార్చి 14, శుక్రవారం

మాధవి భోజనం పైకి పట్టుకెళ్ళింది. గింజల డబ్బా తియ్యలేదు.

మార్చి 15, శనివారం

నా తాళాల గుత్తికి కండక్టరు ఈల ఉంది. ఊడదీసి టేబుల్ మీద పెట్టాను. ముక్కలు ఒక్కసారి చూడు, దీన్ని వాటి పైన పెట్టు, ఇక ముట్టుకోకు... ఈల లేస్తేనే బండి కదలాలి అన్నాను.

నవ్వింది! గింజలు తెచ్చింది.

మార్చి 18, మంగళవారం

శనివారం తొమ్మిదిసార్లు చెయ్యి వెళ్ళింది. ఇవాళ రెండు.

మార్చి 20, గురువారం

ఒక్కసారీ వెళ్ళలేదు. నేనే నా ముక్కలు సర్దుకుంటూ దొరికిపోయాను. "టికెట్ టికెట్" అంది నన్ను చూసి.

మార్చి 22, శనివారం

పెద్ద టోర్నమెంట్‌లో మొదటి రోజు దాటింది! సరోజ రానంది. నేనూ అల్లుడూ చూసేవాళ్ళకి కట్టిన తాడు ఇవతల నిలబడ్డాం. గడ్డమాయన కూడా దాటాడు.

మార్చి 23, ఆదివారం

గెలిచింది. మొత్తం గెలిచింది. మొదటి బహుమతి. నా కూతురు.

మధ్యాహ్నం గడ్డమాయనా మాధవీ ఒకే టేబుల్‌కి వచ్చారు. ముక్కలు చూడడం, ఈల పెట్టడం, చేతులు ఒళ్ళో. ఆయన దాని చెయ్యి వంక చూస్తాడు, ఈల వంక చూస్తాడు, గడ్డం గోక్కుంటాడు. నాకు లోపల తిరనాళ్ళు.

అప్పుడు ఆయన తన ముందున్నదంతా మధ్యలోకి తోసేశాడు. మాధవి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. చివరికి ఈల తీసింది. ముక్కలు తిరగేసి పడేసింది. రెండు రాణులు! రాణుల జత ఎవరైనా పడేస్తారా? ఆయన టోపీ తీసి తన ముక్కలు చూపించాడు. రెండు రాజులు.

గంట తర్వాత ఆయనే ఓడి లేచాడు. వెళ్తూ ఆ ఈల చేతిలోకి తీసుకుని చూసి, జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.

వచ్చేటప్పుడు కార్లో అడిగాను, ఎలా పడేశావే అని. "రోజూ నా చెయ్యి చూసేవాడు నాన్నా. ఆ ఒక్కసారీ చూళ్ళేదు. అంత పెద్ద ముక్కలు పడ్డాక నా దగ్గర ఏముంటే ఆయనకేం."

రాణి పడెయ్యడంలో ఇన్ని రకాలున్నాయి.

కారు మా వీధిలోకి తిరిగాక మాధవే అంది. "ఎవరికి చెప్పినా పేకాట అనే చెప్పు. చెస్ అంటే గెలిచింది నేను కాదు."

ఇంటికొచ్చాక సరోజ దిష్టి తీసింది. మెటికలు విరిచింది. ఏడ్చింది కూడా. అందరికీ పేకాట అనే చెప్దామని నేననేసరికి దిష్టి గిన్నె కింద పెట్టింది.

"మీ ఆటా మా సూర్యం ఆటా దాచడానికి మా పుట్టింటివాళ్ళ దగ్గర ఎన్ని అబద్ధాలాడానో మీకు తెలుసా? డబల్ డ్యూటీ అనేదాన్ని. అలవాటైపోయింది. దాని ఆటకీ అదే నోరు."

బొటనవేలు నాది, నోరు సరోజది, రెండూ నా పేకే నేర్పింది. గెలుపు ఒక్కటే పిల్ల సొంతం. దానికీ వేరే పేరు పెట్టుకుని కూర్చున్నాం.

ఫోన్ ఎదురుగా ఉంది. మన దేశంలో అప్పుడే సోమవారం తెల్లారింది. చెప్పాల్సినవాళ్ళు –

అక్కయ్య. ఆకుపూజ చేయించింది. స్వామికి కూడా ఆట పేరు మార్చి చెప్పుకోమనాలి.

తమ్ముడు. వాడికి చెస్ వచ్చు. ఇప్పటికే అనుమానం ఉండి ఉంటుంది.

వియ్యంకుడుగారు. అల్లుడు చెప్తానన్నాడు. వద్దు, నేనే.

అక్కయ్య మనవడు. ఎత్తుల కోసం చూస్తున్నాడు పాపం.

సరోజ పెద్దన్నయ్య. డబల్ డ్యూటీలన్నీ నమ్మిన మనిషి.

సూర్యం. ముందు వీడికి. పేకాట అని. రాణి సంగతి కూడా.