కలలో విన్న మాటకు మార్కులు

ప్రిన్సిపాల్ గారికి,

నిన్న మధ్యాహ్నం నర్సింగ్ ప్రాక్టికల్ పరీక్షలో నేను చేసిన తప్పు చెప్పుకోవడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందరూ ‘పిచ్చుక’ అని పిలిచే విద్యార్థిని మంచం మీది రోగి బొమ్మకు ఇంజెక్షన్ చేస్తుండగా నాకు కునుకు పట్టింది. కిటికీ దగ్గర తెల్లటి కర్టెన్లు మెల్లగా ఊగుతున్నాయి. నేనే ఆ మంచం మీద పడుకున్నట్టు, ఎవరో నా చెయ్యి పట్టుకుని, “కాస్త చురుక్కుమంటుందమ్మా, భయపడకండి” అన్నట్టు కల వచ్చింది.

కళ్లు తెరిచేసరికి ఆ పిల్ల పని ముగించి నిలబడి ఉంది. నిద్రపోయానని ఒప్పుకోవడానికి మొహం చెల్లక, ‘రోగికి ధైర్యం చెప్పలేదు’ అని రాసి ఆ అంశానికి సున్నా వేశాను. రెండు మార్కుల తేడాతో ఫెయిలైంది.

ఈ ఉదయం వరండాలో ఆ పిల్లను అడిగాను, “రోగితో ఒక్క మాటైనా అనలేదేం?” అని.

“అన్నాను మేడమ్. మీకు మెలకువ వస్తుందేమోనని చిన్నగా అన్నాను.”



కలలో విన్నదానికి మార్కులు వేయలేను, విననట్టు ఊరుకోనూ లేను. దయచేసి వేరే టీచర్ చేత ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టించండి. నేను నిద్రపోయిన సంగతి రికార్డులో రాయించండి.

టీచరుగా నేను ఏమీ చూడలేదు. రోగిగా మాత్రం నాకు భయం వేయలేదు.

ఇట్లు,
మీ సీనియర్ ట్యూటర్