కూలీ అని రాయలేదండీ

ఏవండీ,

విస్సన్నపేట రోడ్డు మీద లారీ గుద్ది మీరు పోయాక, నష్టపరిహారం ఎంతొస్తుందో చూద్దామని మన అమ్మాయి ఫోన్లో లెక్క కట్టింది. ఆ ఫోను మీ వయసడిగింది, నెల జీతమడిగింది. మామిడి అంట్లు కట్టేవాళ్లకి నెల జీతమేంటి? వానలు పడితేనే కదా మీకు చేతినిండా పని! వృత్తి దగ్గర అంట్లు కట్టడం అన్న మాటే లేదని, అమ్మాయి ‘కూలీ’ అని నొక్కేసింది. వచ్చిన అంకె కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎవరైనా కూలీ అంటే ఆ పూట మీరు అన్నం ముట్టేవారు కాదు.

కోర్టులో మాత్రం ముసునూరు రైతు ఒకాయన వచ్చి సాక్ష్యం చెప్పాడు. “మా తోటంతా ఆయన కట్టిన అంట్లేనండీ. ఒక్కటి కూడా ఎండిపోలేదు” అన్నాడు.

ఈరోజు తీర్పొచ్చింది. “ఫోను చెప్పినదానికన్నా బాగా ఎక్కువేనమ్మా” అన్నారు లాయరుగారు.

“ఆయన పనేంటని రాశారండీ?” అని అడిగాను.

లాయరుగారు కాగితాలు తిరగేసి చదివారు: “మామిడి అంట్లు కట్టడంలో నిపుణుడు.”

ఇంకోసారి చదివించుకున్నాను. ఇంటికొచ్చి, మీ కంచంలో వడ్డించుకుని కడుపునిండా తిన్నానండీ.